దినమున కొక గ్రుడ్డు: పిండోత్పత్తి శాస్త్రచరిత్ర

పెరటిలో గంపక్రింద పొదుగునకు కూర్చున్న కోడి 21 దినములు మేతకు నీటికి దప్ప లేవక, గ్రుడ్లను ముక్కుతో నడుమనడుమ దొర్లించుచు, తన మేని వెచ్చదనమును వానికి పంచి యిచ్చుట మన పల్లెలలో చూడనివా రుండరు. వారము గడచిన పిమ్మట ఇల్లాలు ఒక్కొక్క గ్రుడ్డును దీపపు వెలుగున కెదురుగా బట్టి, లోపల సన్నని ఎఱ్ఱని నరములు ప్రాకియుండిన దానిని మరల కోడిక్రిందను, తేటగా నున్నదానిని వేఱుగను పెట్టును. పొదుగ వేసినప్పుడు ఆ పెంకులో తెల్లసొన, పచ్చసొనలు దప్ప కంటికి మఱేమియు గోచరింపలేదు. మూడువారములకు దానినుండియే కన్నులు, ముక్కు, గోళ్ళు, నూగు, ఆకలి గల ప్రాణి పెంకును చీల్చుకొని వెలువడుచున్నది. ఈ యవయవము లెక్కడ నుండి వచ్చినవి? ఏది ముందు, ఏది వెనుక పుట్టినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో మానవజాతి రెండువేల మూడువందల యేండ్లకు మించిన కాలము గడపినది. ఆ యన్వేషణమున కంతకును ఆధారమైన ఆచార మొకటి కలదు: ఒక్కనాడే పొదుగ వేసిన గ్రుడ్లను దినమున కొకటి చొప్పున పగులగొట్టి, నేటి స్థితిని నిన్నటి స్థితితో పోల్చి చూచుట. పిండోత్పత్తి శాస్త్రముయొక్క చరిత్ర ప్రధానముగా ఈ యాచారముయొక్క చరిత్రయే.

ప్రశ్న ఒక్కటియే యైనను సమాధానములు మాత్రము మొదటినుండియు రెండు. కార్యకారణముల విషయమున మన దార్శనికులు చేసిన వివాదము నెఱిగినవారికి ఆ రెండును పరిచితములే. నువ్వులలో తైలము వలె కార్యము కారణమునందు ముందే యున్నదనియు, అవ్యక్తమైనది వ్యక్తమగుటయే పుట్టుక యనియు సాంఖ్యులు సత్కార్యవాదమును స్థాపించిరి. ముందు లేని ఘటము మట్టినుండి క్రొత్తగా ఆరంభ మగుచున్నదని న్యాయవైశేషికులు వాదించిరి. అట్లే పిండ విషయమునను, అవయవములన్నియు అతిసూక్ష్మరూపమున ముందే యుండి పెద్దవగుచున్నవని కొందఱును, ఏ యాకారమును లేని పదార్థమునుండి ఒకదాని వెనుక నొకటిగా క్రొత్తగా ఏర్పడుచున్నవని కొందఱును తలచిరి. మొదటిదానిని పూర్వరూపవాద మనియు, రెండవదానిని క్రమోత్పత్తివాద మనియు పిలుచుకొందము.

గ్రుడ్లను వరుసగా పగులగొట్టి చూచుటకు తొలి లిఖితసాక్ష్యము గ్రీసుదేశపు వైద్యగ్రంథములలో దొరకుచున్నది. క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్ది చివరనో 4వ శతాబ్ది మొదటనో హిప్పొక్రటీసు సంప్రదాయమునకు చెందిన వైద్యు డొకడు, శిశువుయొక్క స్వభావమును గూర్చిన గ్రంథమున, ఇరువదియో అంతకెక్కువయో గ్రుడ్లను రెండు మూడు కోళ్ళక్రింద పొదుగవేసి, రెండవ దినము మొదలు పిల్ల వెలువడువఱకు దినమున కొకటి పగులగొట్టి చూడుమని చదువరికి బోధించినాడు. తల్లిగర్భములోనికి తొంగిచూచుట మనుష్యునకు సాధ్యము గాదు గనుక, కోడిపిల్లను చూచి మానవశిశువు సంగతి ఊహింపవచ్చునని ఆతని తలంపు. ఆ తలంపు ఎంత దూరము సరియైనదో తేలుటకు రెండువేల యేండ్లు పట్టినను, మార్గమును చూపిన గౌరవము మాత్రము పేరు తెలియని ఆ వైద్యునిదే.

ఆ మార్గమున నడచి, చూచినదానిని చూచినట్లు వ్రాసిపెట్టిన తొలి మహాపురుషుడు అరిస్టాటిల్ (క్రీ.పూ. 384-322). మూడు పగళ్ళు, మూడు రాత్రులు గడచిన గ్రుడ్డును తెఱచినచో తెల్లసొనలో నెత్తురుచుక్కవంటి హృదయము కనబడునని, అది ప్రాణమున్నదానివలె కొట్టుకొనుచు కదలునని, దానినుండి నెత్తురుతో నిండిన రెండు నాళములు వంకరలుగా సాగిపోవునని ఆతడు వ్రాసెను. పదవదినమునకు పిల్ల అవయవములతో స్పష్టపడునని, తల శరీరముకంటె పెద్దదిగా నుండునని, కన్నులు నల్లగా ఉబ్బి యుండునని, ఇరువదవ దినమున పెంకు తీసి తాకినచో పిల్ల కదలి కిచకిచలాడునని కూడ చెప్పెను. ఇంతవఱకు పరిశీలనము, దానిపై ఆతడు చేసిన విచారణ ఇంకను గొప్పది. అవయవములన్నియు ఒక్కసారిగా పుట్టి యుండి, చిన్నవగుటచేత కొన్ని కనబడుట లేదని ఎవరైన వాదింపవచ్చును గదా యని శంకించి, ఊపిరితిత్తి హృదయముకంటె పెద్దదియై యుండియు హృదయము కనబడిన తరువాతనే కనబడుచున్నది గనుక, చిన్నతనము వలన కనబడక పోవుట యనునది చెల్లదని ఆతడు పరిహరించెను. అవయవములు వలను అల్లునట్లు ఒకదాని వెనుక నొకటిగా ఏర్పడునని ఆతని సిద్ధాంతము.

అరిస్టాటిల్ శంకించి త్రోసిపుచ్చిన ఆ వాదమునే మన దేశమున ఋషిసభ ప్రతిష్ఠాపించినది. సుశ్రుతసంహిత శారీరస్థానమున గర్భమునకు మొదట ఏ యంగము పుట్టునను చర్చ యున్నది. సర్వేంద్రియములకు మూలమైన శిరస్సు మొదట పుట్టునని శౌనకుడు. బుద్ధికిని మనస్సునకును స్థానమగుటచేత హృదయమే మొదటిదని కృతవీర్యుడు. దేహ మంతయు దానినుండియే పెరుగుచున్నది గనుక నాభి యని పారాశర్యుడు. గర్భముయొక్క చేష్టకు మూలము గనుక కాలుసేతు లని మార్కండేయుడు. సర్వావయవములును దానిని ఆశ్రయించి యున్నవి గనుక నడుము దేహ మని సుభూతిగౌతముడు చెప్పిరి. ఈ మతములన్నియు సరికావని, అంగప్రత్యంగములన్నియు ఏకకాలముననే పుట్టునని, గర్భము సూక్ష్మమగుటచేత అవి వేఱువేఱుగా తెలియవని ధన్వంతరి తీర్పు చెప్పెను. పండిన మామిడిలో పీచు, కండ, టెంక, జీడి విడివిడిగా నుండును. లేతపిందెలో అవియన్నియు ఉండియు సూక్ష్మతవలన తెలియవు. కాలము వానిని వ్యక్తపఱచును. వెదురుమొలక సంగతియు నంతే యని ఆతడు దృష్టాంతము చూపెను. చరకసంహితలోను ఇట్టి సభయే కలదు. ఋషుల పేర్లు కొన్ని మాఱినను, ధన్వంతరి మతమునే ఆత్రేయుడు అంగీకరించెను.

సుశ్రుతుడు మాసక్రమమును కూడ వర్ణించెను. మొదటి మాసమున కలలము. రెండవ మాసమున శీతోష్ణవాయువుల పాకముచేత గట్టిపడిన ముద్ద. మూడవ మాసమున కాలుసేతులకును తలకును ఐదు మొటిమలు. నాలుగవ మాసమున అంగవిభాగము స్పష్టపడి, హృదయము వ్యక్తమై, దానితో చైతన్యమును పొడసూపునని ఆతడు చెప్పెను. అప్పుడు తల్లికి రెండు హృదయములు గలవు గనుక ఆమె కోరికలు శిశువుకోరికలే యని, వానిని తీర్పకున్న శిశువునకు కీడు కలుగునని వైద్యులు తలచిరి. చూలాలి నోటికి రుచించినది ఎంత కష్టపడియైన తెచ్చి పెట్టవలెనను మన యిండ్లలోని నియమము ఈ భావమునకు దగ్గఱి చుట్టమే. గర్భోపనిషత్తున ఒక్క రాత్రికి కలలము, ఏడు రాత్రులకు బుద్బుదము, పక్షమునకు పిండము, మాసమునకు కాఠిన్యము అని దినముల లెక్క కలదు. నేటి లెక్కకు ఈ మాసములు సరిపడవు. కాలుసేతుల మొలకలు నాలుగవ వారము చివరను, హృదయస్పందనము ఇంచుమించు 22వ దినముననే యుండును. అయినను చేతులు, కాళ్ళు, తల మొదట మొటిమలుగా పొడసూపునను మాట ఊహవలన పుట్టదగినది గాదు. విచ్ఛిన్నమైన గర్భములను చూచిన వైద్యుల కన్ను దానివెనుక నున్నదని నాకు తోచుచున్నది. కాని మన గ్రంథములలో గ్రుడ్లను వరుసగా తెఱచి చూచు పద్ధతి యొకటి నిలువలేదు. సభలో ఐదు మతములు వచ్చినవి, ఆఱవది గెలిచినది, ఏది నిజమో పెరటిలోని కోడి నడుగుదమని లేచినవారి పేరు మాత్రము అందు లేదు. మహామేధావులైన మన పూర్వుల విషయమున నాకు మిక్కిలి బాధ కలిగించు లోప మిదియే.

ఐరోపాలోను అరిస్టాటిల్ తరువాత చాల శతాబ్దములు ఆతని మాటయే ప్రమాణమైనది గాని, ఆతని పద్ధతి ప్రమాణము గాలేదు. 16వ శతాబ్ది చివరను ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమున ఫాబ్రిషియస్ అను శరీరశాస్త్రాచార్యుడు మరల గ్రుడ్లను తెఱచుట మొదలిడెను. ఆతడు గీయించిన కోడిపిల్ల చిత్రములు ఆతని మరణానంతరము 1621లో ప్రకటితము లయ్యెను. ఆతని శిష్యుడు విలియం హార్వే. 1628లో రక్తప్రసరణమును లోకమునకు చాటిన ఆంగ్లవైద్యు డితడే. పచ్చసొనపై కనబడు చిన్న తెల్లని మచ్చ నుండియే పిల్ల పుట్టునని హార్వే నిశ్చయించెను. నాలుగవ దినమున ఆ ప్రాంతమున ఎఱ్ఱని బిందు వొకటి వికసించినప్పుడు కనబడుచు, ముకుళించినప్పుడు పూర్తిగా కనుమఱుగగుచు, ఉండుటకును లేకుండుటకును నడుమ ఊగుచున్నట్లు ఆతడు చూచెను. ప్రాణముయొక్క ప్రారంభమును అంత దగ్గఱగా చూచి అంత శ్రద్ధతో వ్రాసినవాడు ఆతనికి ముందు లేడు.

హార్వే ఇంగ్లండు రాజగు మొదటి చార్లెస్‌నకు వైద్యుడు. రాజునకు లేళ్ళవేట ప్రియము గనుక, వేటలో పడిన ఆడులేళ్ళ గర్భములను చీల్చి చూచు నవకాశము ఆతనికి దొరకెను. సంగమకాలము గడచి వారములైనను గర్భకోశమున ముద్ద గాని, బీజము గాని ఏమియు కనబడకపోవుట చూచి ఆతడు ఆశ్చర్యపడెను. లేడిపిండము మొదట సన్నని పొరగా నుండి కంటికి చిక్కదని ఆతనికి తెలియదు. 1642లో అంతర్యుద్ధము మొదలైనప్పుడు లండనులోని ఆతని నివాసము దోపిడికి గుఱియై, కీటకముల పుట్టుకను గూర్చి ఏండ్ల తరబడి వ్రాసికొన్న పత్రములు నశించినవి. తాను పోగొట్టుకొన్న వానిలో అదియే మిక్కిలి బాధాకరమని ఆతడు వగచెను. మిగిలినదానిని మిత్రుని బలవంతముమీద 1651లో ప్రకటించెను. దాని ముఖచిత్రమున గ్రీకుల దేవరాజు ఒక యండమును తెఱచుచుండగా మనుష్యుడు మొదలుగా ప్రాణు లందులోనుండి వెలువడుచుండును. అన్నియు అండమునుండియే యని దానిపై వ్రాసియుండును. కోడిపిల్ల అవయవములు ఒకదాని వెనుక నొకటి క్రొత్తగా ఏర్పడుచున్నవని హార్వే నిశ్చయము.

ఆశ్చర్యమేమన, కంటికి బలము చేకూరినంతనే సిద్ధాంతము వెనుకకు పోయినది. బొలోన్యా నగరపు మార్చెల్లో మాల్పీగి పచ్చసొనమీది తెల్లని మచ్చను కత్తిరించి, గాజుపలకపై పఱచి, సూక్ష్మదర్శినిలో చూచుట నేర్చెను. 1673లో లండను రాయల్ సొసైటీ ప్రకటించిన ఆతని చిత్రములలో వెన్నెముకకు ఇరుప్రక్కల జతలుజతలుగా ఏర్పడు ముద్దలు, వంగుచున్న హృదయనాళము, రక్తనాళముల జాలము నేటి విద్యార్థియు గుర్తుపట్టునంత స్పష్టముగా నున్నవి. అయితే పొదుగ వేయని గ్రుడ్డులో సైతము పిల్లయొక్క రేఖ తనకు కనబడినదని ఆతడు వ్రాసెను. ఆ గ్రుడ్లు మహోష్ణమైన ఆగస్టు మాసమున పెట్టినవి. ఇటలీ యెండయే వానిని కొంత పొదిగినది. ఈ చిన్న విషయమును గమనింపక, హార్వే చూడలేనిది సూక్ష్మదర్శిని చూపినదని పండితులు సంబరపడిరి.

అంతకు నాలుగేండ్లకు ముందే, 1669లో, హాలండు దేశస్థుడు స్వామర్డామ్ కీటకములను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. గూటిలోని పురుగును చీల్చి సీతాకోకచిలుక ఱెక్కలు అందులో ముడుచుకొని యుండుటను చూపినవా డాతడు. 1677లో డెల్ఫ్ట్ పట్టణపు బట్టలవర్తకుడు లీవెన్‌హోక్ తాను చేసికొన్న కటకములతో శుక్రమున ఈదులాడు అసంఖ్యాకములగు సూక్ష్మజీవులను చూచెను. అంతట పూర్వరూపవాదులు రెండుగా చీలిరి. శిశువు అండములోనే యున్నదని కొందఱు, శుక్రకణములోనే యున్నదని కొందఱు. 1694లో హార్ట్సోకర్ శుక్రకణముయొక్క తలలో మోకాళ్ళు ముడుచుకొని, తల వంచి కూర్చున్న చిన్న మనుష్యుని చిత్రించెను. అది తాను చూచినది గాక, చూడగలిగినచో ఇట్లుండవచ్చునని ఊహించి గీసినది. శిశువు ముందే యున్నదన్నప్పుడు, ఆ శిశువు కడుపున దాని శిశువును ముందే యుండవలెను గదా! కావున ఆదిమాతయగు ఈవ్ అండములలో మానవజాతి యంతయు ఒకదానిలో నొకటిగా ఇమిడియుండెనను నంతవఱకు వాదము సాగెను. సృష్టి జరిగి ఆఱువేల యేండ్లే యైనదని నమ్మిన ఆ కాలపు వారికి ఆ తరముల సంఖ్య అసంభవముగా తోచలేదు.

ఈ వాదమును మూఢత్వమని కొట్టివేయుట న్యాయము గాదు. ఏ యాకారమును లేని జిగురునుండి ప్రతిసారియు కోడిగ్రుడ్డునుండి కోడియే, బాతుగ్రుడ్డునుండి బాతే ఏల రావలెనను ప్రశ్నకు క్రమోత్పత్తివాదుల యొద్ద సమాధానము లేదు. ఏదో యొక శక్తి యని చెప్పి ఊరకుండిరి. జడపదార్థము తనంతట తాను కన్నును కల్పించుకొనగల దన్నచో ఈశ్వరునకు పని యేమని భక్తులును భయపడిరి. ఆ భయము 18వ శతాబ్దిలో ఐరోపా శరీరశాస్త్రమునకు చక్రవర్తివంటివాడైన ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్‌కును కలదు. ఆతడు వందలకొలది గ్రుడ్లను చూచినవాడు. ఒకప్పుడు క్రమోత్పత్తిని నమ్మినవాడు. కాని 1758లో, పచ్చసొనను కప్పియున్న పొర పిల్లయొక్క ప్రేగుపొరతో ఏకమై యున్నదని కనుగొని, పచ్చసొన పొదుగుటకు ముందే యున్నది గనుక దానితో నేకమైన పిల్లయు ముందే యుండవలెనని నిశ్చయించెను. అవయవములు లేకపోలేదు, పారదర్శకములై యుండుటచేత కనబడుట లేదని ఆతని వాదము. ధన్వంతరి లేతమామిడిని చూపి చెప్పిన మాటను, ఆతని పేరైన వినని హాలర్, సూక్ష్మదర్శినిని చేత బట్టుకొని మరల చెప్పినట్లైనది.

మరుసటి సంవత్సరమే, 1759లో, హాలె విశ్వవిద్యాలయమున కాస్పర్ ఫ్రీడ్రిష్ వోల్ఫ్ అను యువకుడు ఉత్పత్తిసిద్ధాంతమను తన పట్టపరీక్షావ్యాసమును సమర్పించెను. మొదట రక్తనాళములు లేని ప్రదేశమున చిన్నచిన్న రక్తపుదీవు లేర్పడి, అవి కలిసికొని నాళములగుటను ఆతడు కన్నులార చూచెను. నాళములు ముందే యుండి కనబడకున్నచో, వానికంటె చిన్నవగు కణికలు ఏల స్పష్టముగ కనబడుచున్నవని ఆతడు ప్రశ్నించెను. ఊపిరితిత్తిని చూపి అరిస్టాటిల్ చెప్పిన ప్రత్యుత్తరమే ఇది. హాలర్ వినలేదు. స్వదేశమున ఆచార్యపదవి దొరకక వోల్ఫ్ 1767లో రష్యా సామ్రాజ్ఞి కేథరీన్ ఆహ్వానముమీద సెయింట్ పీటర్స్‌బర్గునకు పోయి, అక్కడి విద్వత్పరిషత్తు సంచికలలో 1768, 1769 సంవత్సరములందు కోడిపిల్ల ప్రేగు ఏర్పడు విధమును ప్రకటించెను. ప్రేగు మొదట ప్రేగు కానే కాదు. ఒక చదునైన పొర. ఆ పొర అంచులు క్రిందికి మడతపడి, కాలువవలె నడుమ పల్లమై, ఆ యంచులు ముందునుండియు వెనుకనుండియు కలిసికొనుచు వచ్చి, చివరకు నడుమ మూసికొని గొట్టమగును. గొట్టము ముందే యుండినచో చదునైన పొరగా ఏ దినమునను కనబడరాదు. పచ్చసొనపొరకును ప్రేగునకును ఏకత్వ మున్నమాట నిజమే; కాని ఆ యేకత్వము పొర మడత పడుటచేత వచ్చినదే గాని ప్రేగు అనాదిగా నుండుటచేత వచ్చినది గాదు. హాలర్ ఏ సాక్ష్యమును చూపెనో ఆ సాక్ష్యమునే వోల్ఫ్ ఆతనికి విరుద్ధముగ మాటాడించెను. అయినను ఆ లాటిన్ వ్యాసమును చదివినవా రెందఱో లేరు. 1794లో వోల్ఫ్ మరణించెను. 1812లో మెకెల్ జర్మనుభాషలోనికి తెచ్చిన పిమ్మటగాని లోకము కన్ను తెఱవలేదు.

ఆ తెఱచిన కన్నులలో రెండు జతలు శాస్త్రమునకు నూతనయుగమును తెచ్చినవి. జర్మనీలోని వ్యుర్ట్స్‌బర్గున డెలింగర్ ఆచార్యుని యొద్ద బాల్టిక్ ప్రాంతపు యువకు లిరువురు, క్రిస్టియన్ పాండర్, కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేర్ అను మిత్రులు, చదువుచుండిరి. గ్రుడ్లు కొనుటకు, పొదుగుపెట్టెకు, దానిని కనిపెట్టియుండు మనిషికి, చిత్రకారునికి కావలసిన ధనము బేర్ యొద్ద లేదు. పాండర్ రీగా నగరపు ధనికుని కుమారుడు. రెండువేలకు పైగా గ్రుడ్లను తెఱచి 1817లో పాండర్ ప్రకటించిన గ్రంథము, పిండము మొదట మూడు పొరలుగా ఏర్పడునని, ఆ పొరలనుండియే వేఱువేఱు అవయవములు రూపొందునని చాటినది. నేటికిని పిండశాస్త్రపు మొదటిపాఠ మిదియే: వెలిపొరనుండి చర్మము, నాడీమండలము, నడిపొరనుండి ఎముకలు, కండరములు, హృదయము, నెత్తురు, లోపొరనుండి ప్రేగుల లోవైపు పూతయు, ఊపిరితిత్తుల లోవైపు పూతయు.

బేర్ క్యోనిగ్స్‌బర్గున ఆచార్యుడై మఱియొక పాత చిక్కును విప్పెను. అండమునుండి పుట్టుట పక్షులకు సరియే. పాలిచ్చి పెంచు జంతువులకు అండ మున్నదా? 1672లో డి గ్రాఫ్ అండాశయముపై పొక్కులను వర్ణించెను గాని, వానిలో అండమును ఎవ్వరును చూడలేదు. 1827లో, సహాచార్యు డగు బుర్డాఖ్ ఇంటి ఆడుకుక్కను పరిశోధనకై కోసి చూచుచు, బేర్ అండాశయపు పొక్కులలో పసుపుపచ్చని చిన్న చుక్కలను కనుగొనెను. ఒక పొక్కును చీల్చి, ఆ చుక్కను కత్తిమొనతో నెత్తి, నీరున్న గాజుచిప్పలో వేసి సూక్ష్మదర్శినిలో చూచి పిడుగు పడినట్లు వెనుకకు తగ్గెను. చూచినది భ్రమ యగునేమో యని మరల చూచుటకే జంకెను. స్పష్టమైన అంచులు గల గుండ్రని అండము! మనుష్యాండమును మిల్లీమీటరులో పదవవంతు మాత్రముండును. హార్వే రాజుగారి లేళ్ళలో వెదకి వెదకి కానలేనిది ఇదియే. మఱుసటి సంవత్సరము ప్రకటితమైన తన మహాగ్రంథమున బేర్ ఒక చిన్న సంగతి చెప్పెను: మద్యసారమున ఊరవేసిన రెండు చిన్న పిండములకు పేరుచీట్లు వ్రాయుట మఱచితిననియు, ఇప్పు డవి బల్లివో, పక్షివో, పాలిచ్చు జంతువువో తాను చెప్పజాలననియు. సామాన్యలక్షణములు ముందును, విశేషలక్షణములు పిమ్మటను పుట్టునను ఆతని సూత్రమునకు ఆ రెండు సీసాలు సాక్ష్యము లైనవి.

బేర్ తరువాత ఈ చరిత్ర శీఘ్రగతి నందుకొన్నది. ప్రాణులన్నియు కణమయములని 1838-39లో ష్లైడెన్, ష్వాన్‌లు స్థాపించిరి; సముద్రపు ముళ్ళప్రాణి యగు సీ అర్చిన్ అండమున స్త్రీపురుషబీజముల కేంద్రములు రెండును ఏకమగుటను 1870ల నడుమ ఆస్కార్ హెర్ట్విగ్ చూపెను. మనుష్యపిండమును కోడిపిల్లను బట్టి ఊహించు కాలము కూడ ముగిసినది. లైప్జిగులోని విల్హెల్మ్ హిస్ పిండములను అతిసన్నని పొరలుగా తఱిగి, ఆ పొరలనుండి మరల మైనపుబొమ్మలు కట్టి, 1880-85 నడుమ మానవపిండ శరీరశాస్త్రమును ప్రకటించెను. ఆతని శిష్యుడు ఫ్రాంక్లిన్ మాల్ అమెరికాలోని బాల్టిమోరున ఒక్కొక్కటిగా కూర్చిన పిండములు 1914లో స్థాపితమైన కార్నెగీ పిండశాస్త్రశాఖకు మూలధన మైనవి. మొదటి ఎనిమిది వారములను 23 దశలుగా విభజించి లోకమంతయు నేడు వాడుచున్న క్రమము ఆ సంచయమునుండి పుట్టినదే. ఆ గాజుపలకలలో ప్రతిదానివెనుకను గర్భము పోగొట్టుకొన్న తల్లి యొకతె కలదు. శాస్త్రగ్రంథములలో వైద్యుల పేరులు నిలిచినవి. ఆ తల్లుల పేరులు లేవు. నేడు గర్భిణికి ఏ వారమున ఏ మందు కూడదో వైద్యుడు చెప్పగలుగుట వారి దుఃఖమువలన మనకు దక్కిన ఫలము. ఆ ఋణమును మఱచుట తగదు.

చూచుటతో తృప్తి పొందక, పిండమును కదపి ప్రశ్నించుట 19వ శతాబ్ది చివర మొదలైనది. 1888లో విల్హెల్మ్ రూ కప్పయండము రెండు కణములైనప్పుడు ఒకదానిని కాల్చిన సూదితో చంపెను. మిగిలినది అర్ధపిండ మయ్యెను. 1891లో హాన్స్ డ్రీష్ సీ అర్చిన్ అండముయొక్క రెండు కణములను నీటిలో బలముగ కుదిపి విడదీసి, మఱునాడు రెండు అర్ధములు కనబడునని ఎదురుచూచెను; చిన్నవే యైనను సంపూర్ణములగు రెండు ప్రాణులు ఈదులాడుచుండెను. రూ పరిశోధనలో చచ్చిన సగము అంటియే యుండుటచేత బ్రతికిన సగము మోసపోయినదని పిమ్మట తేలినది. సంపూర్ణరూపము ముందే అమర్చబడి యుండినచో రెండుగా చీల్చిన అండము రెండు సంపూర్ణరూపములు కాజాలదు. పూర్వరూపవాదమునకు ఇంతకుమించిన దెబ్బ లేదు.

ఇక జర్మనీలోని ఫ్రైబర్గున హాన్స్ స్పెమాన్ యొద్ద హిల్డె మాంగోల్డ్ అను యువతి చేసిన పరిశోధన ఈ చరిత్రకు శిఖరము. న్యూట్ అను బల్లివంటి నీటిప్రాణులలో ఒక జాతి పిండమునుండి, కణములు లోనికి ముడుచుకొను తావున నున్న పెదవివంటి చిన్న తునకను సన్నని గాజుసూదితోను, పసిబిడ్డ వెండ్రుక ఉచ్చుతోను విడదీసి, వేఱొక జాతి న్యూట్ పిండపు పొట్టవైపున ఆమె అతికించెను. రెండు జాతుల రంగులు వేఱగుటచేత ఏ కణ మెవరిదో గుర్తించుట సాధ్యమైనది. కొన్ని దినములకు ఆ పొట్టవైపున రెండవ పిండము, నాడీనాళముతోను వెన్నుతోను, ఏర్పడినది. అతికించిన తునక స్వల్పభాగమే. తక్కినదంతయు ఆతిథ్యమిచ్చిన పిండముయొక్క కణములే. ఉదరచర్మము కావలసిన కణములు పొరుగువారి ప్రేరణచేత నాడీకణములైనవి! అవయవము ముందే యుండుటయు లేదు. శూన్యమునుండి పుట్టుటయు లేదు. కణము కణముతో సంభాషించి రూపమును నిర్ణయించుకొనుచున్నది. 1924లో ఆ వ్యాసము వెలువడుటకు కొంచెము ముందే, ఇరువదియాఱేండ్లైన నిండకుండ, ఇంటిలో జరిగిన అగ్నిప్రమాదమున ఆమె మరణించెను. 1935లో నోబెల్ బహుమానము స్పెమాన్‌కు వచ్చినది.

ఇప్పుడు ఆ పాతవివాదమున తీర్పు చెప్పవచ్చును. కోడిగ్రుడ్డునుండి కోడియే రావలసిన హేతువు గ్రుడ్డులోనే యున్నదని పూర్వరూపవాదులు పట్టిన పట్టు సరియైనదే. ఆ హేతువు కణకేంద్రమున నున్న వంశసూత్రములలోను, తల్లి అండమున సమకూర్చిన పదార్థములలోను ఉన్నది. కాని ఆ హేతువునకు కన్ను లేదు, ముక్కు లేదు, ఱెక్క లేదు. రూపము ప్రతిసారియు, ప్రతి గ్రుడ్డులోను, మొదటినుండి క్రొత్తగా కట్టబడవలసినదే. వోల్ఫ్ చూచిన పొర మడతపడి గొట్టము కావలసినదే. సాంఖ్యులకును వైశేషికులకును చెరిసగము న్యాయము దక్కినది. అయితే ఆ తీర్పు తర్కసభలో వచ్చినది గాదు. ధన్వంతరియు హాలరును తర్కమున తక్కువవారు గారు. కనబడనిదానిని ఉన్నదనుటకు తర్క మెల్లప్పుడును ఒప్పుకొనును. దానికి హద్దు గీచినది నేటిగ్రుడ్డును నిన్నటిగ్రుడ్డు ప్రక్కన పెట్టి చూచిన ఓర్పు మాత్రమే.

మన కళాశాలలలో జంతుశాస్త్రము చదువు బాలబాలికలు 24, 33, 48, 72 గంటల కోడిపిండముల గాజుపలకలను సూక్ష్మదర్శినిలో చూచి, బొమ్మ గీచి, పేరులు వ్రాసి, మార్కులు తెచ్చుకొనుచున్నారు. ఆ పలక ఏ వివాదమును తీర్చినదో, ఎవరి బ్రతుకు దానికై వెచ్చబడినదో వారికి చెప్పువా రరుదు. ప్రయోగశాల తలుపు తెఱచినప్పుడే ఉపాధ్యాయుడు ఈ కథను చెప్పవలెను. సుశ్రుతుని ఋషిసభను, అరిస్టాటిల్ ఊపిరితిత్తిని, మాల్పీగి ఆగస్టుగ్రుడ్లను, వోల్ఫ్ ప్రేగును, హిల్డె మాంగోల్డ్ చేతిపనిని ఒక్క వరుసలో వినిపింపవలెను. విన్న విద్యార్థి 33 గంటల పలకను 48 గంటల పలక ప్రక్కన పెట్టి, నిన్న లేనిది నేడేమి వచ్చినదని తనంతట తా నడిగినచో, శౌనకాదులు విడిచిపోయిన చర్చను ముందుకు నడుపుటకు మన దేశమున నొకడు పుట్టినట్లే.